తాడు చివరి మనిషి

నిన్న నువ్వు ఫోనులో అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ చూస్తున్నావు చూడు, అందులో ఒక లావుపాటాయన బంతి ముట్టుకోడు, పరుగెత్తడు. ఎదుటివాణ్ణి అడ్డుకుని పడతాడు, లేచి వచ్చి మళ్ళీ అక్కడే వంగుతాడు. "ఈనకి ఏటి పని అమ్మమ్మా?" అన్నావు. మీ తాత పనే. రాసుకో మరి.

సుంగై సుమున్ ఊరి దగ్గర మా పామాయిల్ ఎస్టేటుకి తాడులాగుడు జట్టు ఉండేది. అందులో మీ తాత ఆఖరి మనిషి. తాడు కొసని భుజం మీదుగా తిప్పి ఒంటికి చుట్టుకునేది ఆయనొక్కడే. ముందువాళ్ళు చేతులు వదిలేసి పక్కకి దూకొచ్చు, ఆయనకి ఆ వీల్లేదు. ఎదుటి జట్టు మొహాలు ఏనాడూ సరిగ్గా చూడలేదు పాపం, మనవాళ్ళ చెమట వీపులు తప్ప. మా దొర ఆయన్ని పక్క ఎస్టేటు నుంచి రప్పించుకున్నదే ఈ తాడు కోసం. వారమంతా పామాయిల్ గెలలు లారీకెక్కించడం, ఆదివారం లాగడం. చివరికి పొద్దున్నే మంచం దిగాలంటే నేను చెయ్యందించాల్సి వచ్చింది.

ఒక ఏడాది పోటీ గెలిస్తే ఆయనకి గేటు కాపలా ఇస్తానన్నాడు దొర. కుర్చీలో కూర్చునే పని. ఓడితే మళ్ళీ లారీయే.

"ఈ ఒక్కపాలి లాగీ," అన్నాను.

"సూద్దాం లా," అన్నాడు, అక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి.

ఆ ఆటలో కూర్చోవడం తప్పు. లేవమన్నా లేవకపోతే ఓడినట్టే. మావాళ్ళు ఇంకో రెండడుగుల్లో గెలుస్తారనగా, మీ తాత బల్ల మీద కూర్చున్నంత నిదానంగా బురదలో కూర్చున్నాడు. పడలేదు, కూర్చున్నాడు. "లెగరా, లెగు," అని మేస్త్రి కేకలు. ఈయన తీరిగ్గా తాడు విప్పుకుంటున్నాడు. ఈల మోగింది.

దారిలో అడిగాను. "ఏటి సేసినావు? కుర్చీ పోనాది గదా."

"కుర్చీలో కూకోడానికైనా నడుం ఉండాల గదే. ఆళ్ళు కూకోమన్నీదాకా ఆగితే నాను మిగల్ను."

కుర్చీ ఇంకొకాయనకి దక్కింది. మేం ఎస్టేటు వదిలి తెలుక్ ఇంటాన్ టౌనుకి వచ్చేశాం. హోటల్లో నేను గిన్నెలు తోమాను, ఆయన నా పక్కనే పీట వేసుకుని ఉల్లిపాయలు ఒలిచాడు. చాలాకాలం ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు నేను. ఆ కోపం ఎప్పుడు పోయిందో ఇప్పుడు గుర్తులేదు. ఏళ్ళు ఒంట్లోకి అలసట మోసుకొస్తూ, తిరుగుదారిలో ఆ కోపాన్ని పట్టుకుపోయినట్టున్నాయి.