ఆడవాళ్ళ వైపు ఆమేన్

మా వదినకి మోకాళ్ళ మీద నిద్రపోవడం వచ్చు. నవ్వకండి, అది అందరికీ రాదు. ఒకసారి నేనూ ఇంట్లో ప్రయత్నించి, పక్కకి ఒరిగిపోయి మంచంకోడుకి తల బాదుకున్నాను.

ఆవిడ మా అన్నయ్య భార్య. ఆసుపత్రి లాండ్రీలో పని. వార్డుల దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదుల పచ్చగుడ్డలు అన్నీ అక్కడికే వస్తాయి. ఉతికిన దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని వేడి రోలర్ల మధ్యకి అందించాలి. ఒక్క మడత పడిందంటే మళ్ళీ మొదటికి. రోగులకి ఆదివారం సెలవుండదు కాబట్టి దుప్పట్లకీ ఉండదు. తెల్లవారకముందే డ్యూటీకి వెళ్ళి, అది దిగి, బట్టలు మార్చుకుని తిన్నగా చర్చికి వస్తుంది. అప్పటికి రెండో పాట నడుస్తుంటుంది. నా పక్కన కూర్చుంటే ఒంట్లోంచి ఇంకా ఇస్త్రీ వేడి తగులుతుంటుంది.

పోనీ ఇంటి దగ్గర తెరిపి ఉందా అంటే అదీ లేదు. ఇద్దరు పిల్లలు, వాళ్ళ యూనిఫారాలు, వంట, మా అమ్మ కాళ్ళకి మందు రాయడం. మా అన్నయ్య మంచివాడే. మెకానిక్. బండి ఇంజనులో ఏ చిన్న చప్పుడు తేడా వచ్చినా పట్టేస్తాడు గానీ, ఇంట్లో మనిషి అలిసిపోతే మాత్రం కనిపెట్టలేడు. రాత్రి కుటుంబ ప్రార్థన మానడానికి వీల్లేదు, అది వదిన పెట్టిన రూలే. పిల్లలు పాట పాడాలి, అన్నయ్య వాక్యం చదవాలి, తను ప్రార్థించాలి. కళ్ళు మూతలు పడుతుంటే నిలబడి ప్రార్థిస్తుంది.

చర్చిలో నిలబడక్కర్లేదు. ప్రసంగం అయ్యాక అందరం మోకరిస్తాం. వదిన ముందున్న బల్ల మీద మోచేతులు ఆనించి, చేతుల్లో మొహం దాచుకుని, పాస్టరుగారు ఇంకా పరలోకపు తండ్రిని పిలుస్తుండగానే నిద్రలోకి జారిపోతుంది. అందరూ ఆమేన్ అని లేచినా తను లేవదు. దీవెన కూడా అయిపోయాక నేను మోచేత్తో పొడిస్తే అప్పుడు ఎర్రటి కళ్ళతో లేస్తుంది. ఆ ఎరుపు చూసి మా కొత్త పాస్టరుగారు ఏడ్చి ఏడ్చి ప్రార్థించిందనుకున్నారు. చిక్కంతా అక్కడే మొదలైంది.

పాస్టరుగారు మంచి మనిషి, గొంతే మరీ పెద్దది. మైకు లేకపోయినా వీధి చివరిదాకా వినపడుతుంది. యంత్రాల హోరుకి అలవాటుపడ్డ మా వదినకి ఆ గొంతు జోలపాట. చెవి పక్కన ఎవరైనా ఒక్కసారిగా అరిస్తే తప్ప లేవదు. ఆయనకి మా మీద ఒకటే ఫిర్యాదు.

"మగవాళ్ళ వైపు ఆమేన్ బాగానే వినపడుతోంది. ఆడవాళ్ళ వైపు ఏమైందమ్మా? దేవుడి దగ్గర కూడా మొహమాటమేనా?" అని ప్రతి ఆదివారం చురక వేసేవారు. మా వైపు వాళ్ళు తలలు దించుకునేవాళ్ళే తప్ప గొంతు పెంచేవాళ్ళు కాదు. నేనైతే వదిన నిద్ర చెడుతుందని మెల్లగా అనేదాన్ని. మిగతావాళ్ళకేం రోగమో నాకు బోధపడేది కాదు.

ఒక ఆదివారం ఆయన దీవెనకి ముందు ప్రకటన చేశారు. స్త్రీల సమాజానికి ఇన్నాళ్ళూ పెద్దగా ఉన్న టీచరమ్మగారు ఓపిక లేక తప్పుకుంటున్నారు, ఇకనుంచి ఆ బాధ్యత మా వదినది.

"మనమంతా లేచాక కూడా మోకాళ్ళ మీద ఉండేది ఈ సహోదరి ఒక్కతే! వచ్చే ఆదివారం దేవుని ముందు ప్రమాణం చేయించి అప్పగిస్తాను."

అవతలి వైపు మా అన్నయ్య ఛాతీ ఉబ్బడం నాకు కనపడింది. నేను గబుక్కున వదినని పొడిచాను. పాపం, ఏం జరిగిందో తెలియక లేచి, అందరికీ వందనాలు పెట్టేసింది.

బయటికొచ్చాక సంగతి చెబితే మొహం పాలిపోయింది.

"ప్రమాణమా? ఏమని?"

"ప్రార్థనలో అందరికంటే ముందుంటానని."

"నేను నిద్రలో ముందుంటాను! దేవుడి ముందు అబద్ధం ఎలా ఆడమంటావు? నిజం చెబితే మళ్ళీ ఈ గుమ్మం ఎలా ఎక్కను?"

"ఒంట్లో బాగోలేదని తప్పుకో వదినా."

"అది ఇంకో అబద్ధం." చర్చి గుమ్మం వైపు తిరిగి చూసి అంది, "వారం మొత్తంలో నన్ను ఎవరూ పిలవని చోటు అదొక్కటే. ఇప్పుడు అదీ పోతుంది."

ఆవిడ చేతిలో సంచీ నేను అందుకున్నాను.

వారమంతా అన్నయ్య షెడ్డుకి వచ్చినవాళ్ళందరికీ భార్య గొప్ప చెప్పుకున్నాడు. వదినేమో లాండ్రీలో దుప్పటి వంకరగా అందించి రోలర్లు ఆపించిందట, ఎప్పుడూ లేనిది.

ఆదివారం పాస్టరుగారు పిలవగానే ముందుకు వెళ్ళి నిలబడింది.

"అందరికీ వందనాలు. అయ్యగారూ, ప్రమాణం కంటే ముందు ఒక సాక్ష్యం చెప్పుకోవాలి. నేను మోకాళ్ళ మీద ప్రార్థన చేయట్లేదండీ. నిద్రపోతున్నాను. కావాలని కాదు. దేవుడి దగ్గరికొచ్చేశాను, ఇక ఫరవాలేదనుకుంటాను, అంతే, నిద్ర పట్టేస్తుంది. నన్ను క్షమించండి."

పాస్టరుగారు నోరు తెరిచారు గానీ, ఆ నోట్లోంచి మాట రాకపోవడం మేం చూడటం అదే మొదలు. అప్పుడు వెనక బల్ల నుంచి టీచరమ్మగారు అన్నారు.

"మాకు తెలుసులేమ్మా."

వదిన తలెత్తింది. "తెలుసా?"

"ఎప్పట్నుంచో! నీ గురక మా బల్లదాకా వస్తుంది. నువ్వెక్కడ లేస్తావోనని కదూ మేమంతా ఆమేన్ గొంతులోనే అనుకునేది?" అని పాస్టరుగారి వైపు తిరిగారు. "మీరెన్ని మాటలన్నా పడ్డాం అయ్యగారూ. పిల్ల పడుకుందని."

ఆడవాళ్ళ వైపు ఒక్కసారిగా గొల్లుమంది. వదిన కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ప్రాణం కుదుటపడటం అంటే ఏమిటో ఆవిడ భుజాలు దిగడంలో చూశాను. మా అన్నయ్య ఒక్కడే నవ్వలేదు. భార్యని కొత్తగా చూస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

"వెళ్ళి కూర్చోమ్మా, ప్రమాణం వద్దు," అన్నారు పాస్టరుగారు. ఆ పదవి చివరికి నా నెత్తికి చుట్టుకుంది, గొంతు బాగా లేస్తుందని.

తరవాతి శనివారం అన్నయ్య షెడ్డు మధ్యాహ్నమే మూసి, వదినని గదిలోకి తోసి, తలుపు దగ్గరికి వేశాడు. అమ్మ కాళ్ళకి మందు తనే రాశాడు. పిల్లల యూనిఫారాలు కూడా తనే ఉతికాడు, తెల్ల చొక్కాలన్నీ లేత నీలం చేసి. వదిన వాటిని చూసి ఒక్క మాట అనలేదు. సాయంత్రందాకా పడుకుని లేచిన మనిషికి కోపం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మర్నాడు చర్చిలో తన చోట ఎవరో చిన్న దిండు పెట్టారు. అందరం మోకరించాం. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు, పోనుపోను ఆ గొంతు తగ్గిపోయింది. చివరికొచ్చేసరికి, ఉయ్యాల పక్కన మాట్లాడినట్టు, "ఆమేన్" అని గుసగుసగా అన్నారు. మగవాళ్ళ వైపు కూడా అంతా గుసగుసే. "ఆమేన్."

"ఆమేన్!"

నా పక్క నుంచి. చేతుల్లో మొహం దాచుకునే ఉన్న మా వదిన, కిటికీ అద్దాలు అదిరేలా. పాస్టరుగారు ఉలిక్కిపడ్డారు. నేను పొడవడానికి ఎత్తిన మోచెయ్యి గాల్లోనే ఉండిపోయింది.