గుట్ట మీది పీలికలు

పోయిన చలికాలం పిల్లలిద్దరితో రఘునాథపల్లి దగ్గరి గుట్ట ఎక్కాం. దారి తప్పకూడదని నా పాత చున్నీ చింపి, మలుపు మలుపునా పొదలకు పీలికలు కట్టాను.

దిగేటప్పుడు చూస్తే ప్రతి పొదకూ రంగురంగుల పీలికలే! లుంగీ ముక్కలు కూడా! "గిటే వచ్చినం" అంటారు మావారు. "కాదు, గటు" అంటాడు బాబు. నీళ్లయిపోయి పాప ఏడుపు. ఒకే బండ చుట్టూ మూడుసార్లు తిరిగాక నాకు భయం పట్టుకుంది.

అప్పుడే మేకలు కాసే అవ్వ ఒకామె పొదకు గుడ్డముక్క కడుతూ కనిపించింది.

"నువ్వు మొక్కి కడుతున్నవని మేకలోళ్లమందరం కట్టినం బిడ్డా. నా మోకాళ్ల నొప్పులు తగ్గాలె. ఇంతకీ గీడ ఏ దేవుడున్నడు?"

దారి తప్పామని మాత్రం చెప్పాను. ఆ మోకాళ్లతోనే అవ్వ మమ్మల్ని కిందిదాకా దింపింది. ఏ దేవుడో తెలియకుండానే చివరి పొదకు నేనూ మొక్కాను, అవ్వ నొప్పులు తగ్గాలని.