సుగుణాంటీ మునుం

1984. మిషిగన్‌లో వ్యవసాయ సలహాదారుగా నాకది రెండో ఏడు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటూ కార్ల కంపెనీలో ఇంజనీరుగా పనిచేసే డేవిడ్ అంకుల్, ఆయన భార్య సుగుణాంటీ ఊరి బయట కొద్దిపాటి పొలం కొని మొక్కజొన్న వేశారు. ఆంటీకి ఉబ్బసం. కలుపు మందు వాసన పడదు. అందుకని ఇంటర్‌క్రాపింగ్ సూచించాను. అంటే సాళ్ల మధ్య మరో పంట, ఇక్కడ బొబ్బర్లు. ఆకు నేలను కప్పితే కలుపుకు ఎండ అందదు. అయినా మొలిచినదాన్ని చేత్తో పీకాలి.

శనివారాలు ఇద్దరూ చెరో మునుం పట్టేవారు. కలుపు తీసేవాళ్లు తమ వంతుగా పట్టుకుని సాగే సాళ్లే మునుం.

"మీ అంకుల్ బొబ్బర్లు కూడా పీకేస్తున్నారు, చూడు బాబూ!"

"నీ మునుం నువ్వు చూస్కో సుగుణా. నా దాంట్లో వేలు పెట్టకు."

జులైలో ఆయాసం ఎక్కువై ఆంటీ ఆసుపత్రిలో చనిపోయారు.

ఆగస్టులో పొలం చూడ్డానికి వెళ్లాను. నేను చూడవలసినవి మూడు: మొలక, నీడ, గింజ కడుతున్న కలుపు. కుడివైపు సాళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఎడమవైపు సగం దాకా బాగానే ఉంది. అక్కణ్ణుంచి వెల్వెట్‌లీఫ్ అనే కలుపు నడుమెత్తు పెరిగింది. మన తుత్తురబెండకు దగ్గరి చుట్టం అది.

"అంకుల్, ఇక్కడ బొబ్బర్ల జెర్మినేషన్ ఫెయిలైందా?"

"లేదు. అది మీ ఆంటీ మునుం. అక్కడిదాకా తీసి, ఆయాసంగా ఉందని వెళ్లి కార్‌లో కూర్చుంది."

కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. నల్లబడి పగిలితే గింజ నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది. చెప్పక తప్పలేదు.

"ఇవి పండితే వచ్చే ఏడు స్ప్రే చేయాల్సిందే అంకుల్. ఆంటీ వద్దన్నది అదే కదా."

"తెలుసు." ఆయన చాలాసేపు అటే చూశారు. "పీకేస్తే, తను ఎక్కడ ఆపిందో ఇంక కనపడదు బాబూ."

కాసేపటికి ఆయన అవతలి గట్టుకు నడిచి, ఆంటీ ఆగిన చోటికి ఎదురుగా పీకుతూ వచ్చారు. నేను సంచి పట్టుకుని వెనకే నడిచాను. చివరి మొక్క దగ్గర ఆయన చెయ్యి ఆగింది. తర్వాత పీకి, వేర్ల మట్టి దులిపి నాకందించారు.

ఇప్పుడు ఏ పొలంలోనైనా కలుపుతీత సగంలో ఆగి కనిపిస్తే విత్తనాన్నీ విత్తిన యంత్రాన్నీ ముందు అనుమానించను. ఇక్కడ తీసేది ఎవరని అడుగుతాను. అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకుంటాను.