వస పొట్లాల్లో పేర్లు

ఆ దొరల గుర్రాల పేర్లు నాకు నోటికి వచ్చు. తూఫాన్, షబ్నం, రుస్తుం, గుల్‌బదన్. ఏది ఏ రంగు, ఏది పూటకు ఎన్ని శేర్ల ఉలవలు తిన్నది, అన్నీ అచ్చులో ఉన్నాయి. గట్టి అట్ట, నున్నటి కాగితం, మూడు వందల పేజీల పుస్తకం. దొరల మేనా మోసిన మనుషుల గురించి అందులో ఒకటే ముక్క ఉంది: "బోయీలు, ఎనిమిది."

ఆ ఎనిమిది మందిలో ఒకడు మా తాత.

ఆ పుస్తకానికి మూలమైన దొరల కాగితాలను అరవై ఏళ్లకు పైగా కాపాడినవాడు మా నాన్న, మేం బాపు అని పిలిచే యాదయ్య. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన గురించి ఎవరూ రాయరు కనుక నేను రాస్తున్నాను.

మాది ఇబ్రహీంపట్నం పక్క పల్లె. పెద్దచెరువులో వలలు వేసి బతికిన ఇళ్లు మావి. ఊరి దొరలు దేశ్‌ముఖులు. వాళ్ల పెద్దలు నిజాం గుర్రపు దళంలో అధికార్లు, తర్వాతి వాళ్లు ఇప్పటి సైన్యంలో. గడి అనే వాళ్ల కోటలాంటి ఇంటి మేడ మీద ఒక గది నిండా వాళ్ల కాగితాలే ఉండేవి. సైన్యం ఉత్తరాలు, భూముల పత్రాలు, హుకుంలు, ప్రయాణాల రోజువారీ రాతలు, అన్నీ ఎర్ర గుడ్డల్లో మూటలుగా కట్టిన నూట పద్నాలుగు బస్తాలు. బాపు చిన్నప్పుడు ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివాడు. ఊళ్లో చేప పట్టే ఇళ్లలో అంత చదివినవాడు ఆయనొక్కడే. పదహారో ఏట ఆ గదిని ఆయనకు అప్పజెప్పారు.

ఏటా శివరాత్రి వెళ్లాక బస్తాలు విప్పేవాడు. ఎండ తగలకుండా, గాలి తగిలేలా వసారాలో పరిచేవాడు. మెత్తటి గుడ్డతో ఒక్కో కాగితం తుడిచి, వస కొమ్ము దంచి పొట్లాలు కట్టి మధ్యమధ్య పెట్టి, మళ్లీ ముడేసేవాడు. వస ఘాటుకు పురుగు రాదు. ఆ నెలంతా బాపు ఇంటికొస్తే అన్నంలో కూడా వస వాసనే వచ్చేదని మా అమ్మ నర్సింహమ్మ విసుక్కునేది.

తుడుస్తూ తుడుస్తూ బాపు చదివేవాడు. ఇరవయ్యో ఏట ఒక రోజు, మేనా ప్రయాణాల కట్టలో ఈ రెండు వాక్యాలు చదివాడు. "దారిలో ఒక బోయీ పడి చనిపోయెను. పొలంలో ఉన్న ఇంకొకనిని పట్టుకొచ్చి మేనా కొమ్ము ఎత్తించితిమి." దాని కిందనే, అదే రోజు, తూఫాన్‌కు కాలు బెణికినందుకు పట్నం నుంచి వైద్యుణ్ణి పిలిపించిన సంగతి సగం పేజీ.

తారీఖు చూశాడు. తను తల్లి కడుపులో ఉన్న ఏడు. తన తండ్రి బుగ్గయ్య మేనా ఎత్తుకొని పోయి తిరిగి రాని ఏడు. మా నాయనమ్మకు శవం రాలేదు, కబురు రాలేదు. మొగుడు ఎటో పోయిండని ఊరంతా అంటే తలొంచుకొని బతికిన మనిషి ఆమె.

బాపు కాగితం మడిచి, బస్తా కట్టి ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. ఆమె ఏడవలేదట. "మరి ఆ పట్టుకొచ్చినోడు ఎవడురా? ఆని పెండ్లానికన్న ఎరుకైందా?" అని అడిగిందట.

అక్కడ మొదలైంది. ఆ తర్వాత యాభై ఏళ్లు బాపు పేర్లు వెతికాడు. చేపల అంగట్లో, చావుల కాడ, దవాఖాన వరండాల్లో, ముసలివాళ్లు కనబడితే చాలు పక్కన కూర్చునేవాడు. "మీ తాత మేనా మోసిండా? మీ అవ్వ గడిల వడ్లు దంచిందా? పేరేంది?" కాగితాల్లో "వెట్టి ఆడవాళ్లు, పన్నెండు" అని ఉన్న చోట పన్నెండు పేర్లు పోగేశాడు. ఆ పట్టుకొచ్చినవాడి పేరు కోసమైతే పదకొండేళ్లు తిరిగాడు. చివరికి కొంగరకలాన్ దిక్కు ఒక ముసలామె చెప్పిందని వచ్చి, ఆ రోజు మా ఇంట్లో చేపల కూర వండించాడు.

పేర్లన్నీ ఎక్కడ రాశాడు? వస పొట్లాల కాగితం లోపలి వైపు, పెన్సిలుతో. ఏ కాగితంలో అంకె ఉందో ఆ కాగితం మీదే ఆ పొట్లం. దొరల కంట పడదు. ఇంట్లోనూ ఒక నకలు పెట్టుకో బాపూ అని నేను ఎన్నిసార్లు అన్నానో.

"ఇంట్ల చెదలు పడుతయి బిడ్డా. గాడనైతె నేనే ఉన్న గద. వస పొట్లం ఎవడు పారేస్తడు? పురుగు పడుతదని పోరనికి గూడ ఎరుకే."

ఆరేళ్ల కింద గడి స్థలం ప్లాట్లయింది. చిన్న దొర రమాకాంత్ రావు, సైన్యంలో కర్నల్‌గా రిటైరైనాయన, కాగితాలన్నీ పట్నంలోని ఒక భాండాగారానికి దానమిచ్చాడు. లారీ వచ్చిన రోజు బాపు దగ్గరుండి బస్తాలు ఎక్కించాడు.

"ఏం యాదయ్యా, ఇగ నీకు దుమ్ము బాధ తప్పింది" అన్నాడు కర్నల్.

"దుమ్ముదేముంది దొరా, దులిపితె పోతది" అన్నాడు బాపు.

ఆ సాయంత్రం ఆయన మొహంలో పండగ. "చదువుకున్నోళ్లు బిడ్డా. ఒక్కొక్క కాగితం ఇప్పి సూస్తరు. పొట్లాలు గూడ ఇప్పుతరు. ఇగ అందరి పేర్లు పుస్తకంల ఎక్కుతయి."

రెండేళ్లకు పుస్తకం వచ్చింది. ఆవిష్కరణ సభకు బాపు ఇస్త్రీ ధోతి కట్టుకొని వచ్చాడు. వెనక వరసలో కూర్చోబెట్టారు. ముందుమాటలో ఆయన గురించి రెండు మాటలున్నాయి, "నమ్మకమైన సేవకుడు" అని. పేరు లేదు. గుర్రాల జాబితా పదకొండు పేజీలు.

సభ అయ్యాక, కాగితాలు సర్దిన మహిధర్ అనే అతణ్ణి బాపు పట్టుకున్నాడు. "సారూ, పొట్లాలు ఏ పెట్టెల పెట్టిన్రు?"

"ఏ పొట్లాలు తాతా? ఓ, ఆ వేర్ల పొడివా? మొదటి రోజే తీసేశాం. ఆకులూ వేర్లూ లోపలికి రానివ్వకూడదు, అది రూలు. రెండు గోనెసంచులయ్యాయి."

"ఇప్పి సూసిన్రా?"

"చెత్త కదా తాతా."

"అవ్. రూలంటే రూలే" అన్నాడు బాపు.

ఇంటికొచ్చాక అమ్మ ఊరుకోలేదు. "మస్తు జేసినవ్ తియ్యి! జిందగంత ఆళ్ల కాగితాలకు పురుగు పట్టకుంట జూసినవ్. ఆళ్లు నీ కాగితాన్నే పురుగుల్లెక్క ఊడ్సిన్రు." బాపు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆయన అలా లేవడం నేను మొదటిసారి చూశాను.

మర్నాడే నన్ను నోటుబుక్కు తెమ్మన్నాడు. చెప్తూ పోయాడు, నేను రాస్తూ పోయాను. నలభై ఒక్క పేర్లు. నాలుగో రోజు ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది కానీ పేర్లు రాలేదు. పట్టుకొచ్చినవాడి వంతు అప్పటికి ఇంకా రాలేదు. చేపల కూర రోజు ఇంట్లో విన్న ఆ పేరు అమ్మకూ నాకూ గుర్తు లేదు. ఆఖరి రోజుల్లో నా చెయ్యి పట్టుకొని, "ఒక చెవి ఇనరాదు ఆనికి. జొన్నచేన్ల ఉండె. పేరు... పేరు నోట్లనే ఉంది బిడ్డా" అనేవాడు. నోట్లోనే ఉండగా పోయాడు.

నెల మాసికం అయ్యాక భాండాగారానికి పోయాను. నలభై ఒక్క పేర్లు ఆ కాగితాలతో పాటు పెట్టమన్నాను. దాత కుటుంబం ఒప్పుకోవాలన్నారు. కర్నల్‌కు ఫోన్ చేశాను.

"ఎప్పటి ముచ్చటనో ఇప్పుడు తవ్వుడెందుకమ్మా? మీ బాపు మా ఇంటి మనిషి."

"ఇంటి మనిషైతె పేరెందుకు రాయలే సార్?"

ఫోన్ పెట్టేశాడు.

కిందటి వారం మళ్లీ పోయాను. చదివే గదిలోకి సంచి, పెన్ను రానివ్వరు. పెన్సిలు, ఒక చీటీ వాళ్లే ఇస్తారు. మేనా ప్రయాణాల పెట్టె అడిగాను. తెల్ల చేతితొడుగులేసుకొని ఆ పేజీ తీశాను. వాళ్ల పెన్సిలుతో, వాళ్ల చీటీ వెనక రాశాను: "బోయీలు. బుగ్గయ్య, ఇక్కడ పడి చనిపోయినవాడు ఇతనే. చెన్నయ్య, జంగయ్య, గాలయ్య, పెంటయ్య, లచ్చయ్య, కిష్టయ్య, సాయన్న." కింద ఇంకొక వరస: "తొమ్మిదోవాడు, జొన్నచేనులోంచి పట్టుకొచ్చినవాడు. ఒక చెవి వినబడదు. ఇతని పేరు యాదయ్య కనుక్కొని రాశాడు. మీరు పారేశారు."

చీటీని ఆ పేజీలో పెట్టి, పెట్టె మూసి, తిరిగి ఇచ్చేశాను.

ఇది చదివి ఆ చీటీ తీసి పారేస్తారేమో. పారేయనీ. వాళ్ల దగ్గర చీటీలు బోలెడున్నాయి. వచ్చే వారం మళ్లీ పోతాను.