కోతకు ముందు ఆపిన నీళ్లు

మా చిన్నప్పుడు... వత్సవాయి దగ్గర మా నాన్న నల్ల ద్రాక్ష పందిరి వేశాడు. కోతకు వారం ముందు నీళ్లు కట్టడం ఆపేశాడు. ఎండకు ఆకులు వాలిపోయాయి. నాకు భయమేసింది.

"నాన్నా, తీగలు చచ్చిపోతయ్యేమో!"

"చావవులేమ్మా. ఇప్పుడు ఎండగడితేనే కాయకి తీపెక్కేది. పందిరి జోలికి పోమాక."

నేను ఆగలేకపోయాను... నాన్న కాయ కొనే షావుకారును పిలవడానికి జగ్గయ్యపేట వెళ్లగానే, పక్కన మిరపతోటకు పారే కాలవకు పారతో గండి కొట్టాను. నీళ్లు పందిరి కిందికి పారాయి. సాయంత్రం నాన్న రాకముందే గండి పూడ్చేశాను.

రెండో రోజు షావుకారు వచ్చాడు. అప్పటికి కాయలు ఉబ్బాయి, కొన్ని పగిలాయి. ఒకటి నోట్లో వేసుకుని ఉమ్మేశాడు.

"ఏందయ్యా ఇది? ద్రాక్ష అమ్ముతున్నావా, మంచినీళ్లు అమ్ముతున్నావా?"

నాన్న కాలవ గట్టు దాకా నడిచి వెళ్లాడు. అక్కడ మట్టిలో నా పాదాల గుర్తులు... నా మీద చెయ్యెత్తాడు. మళ్లీ తనే దించేశాడు.

"జాలిపడ్డావా తల్లీ..." అన్నాడు, అంతే. షావుకారు ఆ ఏడు మా కాయ కొనలేదు.

ఎందుకలా అయిందో చాలా ఏళ్లకు నా కూతురు చెప్పింది. వ్యవసాయం చదివింది లెండి.

"నీళ్లు తగ్గితే కాయ చిన్నగా ఉంటదమ్మా, కానీ చక్కెర చిక్కబడుద్ది. పులుపు తగ్గుద్ది. తొక్కలో రంగు, వగరు పెరుగుతయ్. ఆఖర్లో నీళ్లిచ్చావా, అంతా పల్చన! తాతయ్యే కరెక్టు, నువ్వే దొంగవి" అని ఒకటే నవ్వు.

పోయినేడు నా కూతురికి ఆపరేషను. మత్తిచ్చే ముందు చుక్క నీళ్లు కూడా ఇవ్వొద్దన్నారు డాక్టర్లు.

"అమ్మా... ఒక్క గుక్కే" అంది. పెదాలు ఎండిపోయాయి. సీసా నా చేతిలోనే ఉంది.

ఈసారి జాలిపడకూడదనుకున్నాను. ఇవ్వలేదు.

లోపలికి తీసుకెళ్లారు... నా చిట్టితల్లి మళ్లీ కళ్లు తెరవలేదు.

ఇప్పుడు నాన్న ద్రాక్ష వేసిన పొలంలో పత్తి వేస్తున్నారు. కాయ తీపి ఎంతో చెప్పే మిషన్లు కూడా వచ్చాయట. నువ్వు చేసింది సరైన పనేనని అందరూ అంటారు... మనసే ఒప్పుకోదు.

మీలో ఎవరైనా, బిడ్డ మంచికని అడిగింది కాదన్న అమ్మలుంటే... ఎలా తట్టుకున్నారో నాకు రాయండమ్మా.