దుర్యోధనుడి పళ్ల కోసం కుప్పం నుంచి మదనపల్లెకు

పళ్లు కట్టించుకోవడానికి వెళ్లొచ్చిన దారి కూడా ఒక ప్రయాణమేనా అని మా ఆయన నవ్వాడు. నవ్వితే నవ్వనీ. కుప్పం, వెంకటగిరికోట వైపు నుంచి మదనపల్లెకు ఇదే పని మీద వెళ్లాలనుకునేవాళ్లు నెలరోజులుగా నాకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. పైగా మా నాయన గురించి గొప్పలు చెప్పుకునే అవకాశం వస్తే వదులుకునే మనిషిని కాను. మా నాయన మునిరత్నప్పకు అరవై రెండేళ్లు. కుప్పం దగ్గర పల్లెలో నాలుగు ఆవులు, ఎకరా మల్బరీ తోట ఉన్నాయి. కానీ చుట్టుపక్కల ఎవరికి చెప్పినా ఆ పేరు గుర్తు రాదు, దుర్యోధనుడి ఇల్లెక్కడ అంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. మా వైపు ఊళ్లలో ఎండాకాలం భారతం జరుపుతారు. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, ఆఖరి ఎనిమిది రాత్రులు వీధినాటకం ఉంటాయి. ఆఖరి రోజు పొద్దున్నే అందరి ముందూ దుర్యోధన వధ జరుగుతుంది. ఇరవై ఆరేళ్లుగా ఆ వేషం మా నాయనదే.

రెండేళ్ల కిందట పాలు పితికేటప్పుడు ఆవు తల విదిలిస్తే ఆయనకు పైవరసలో ముందరి పళ్లు రెండు ఊడిపోయాయి, పక్కది బీటలు వారింది. భారతం దగ్గర పడిందని తొందరపడి, తీసి పెట్టుకునే పళ్ల సెట్టు ఒకటి చేయించుకున్నాడు. పోయిన ఏడాది నిండు సభలో ద్రౌపదిని చూసి దుర్యోధనుడు పగలబడి నవ్వాలి కదా, ఆ నవ్వుకు సెట్టు ఎగిరి జనం మధ్యలో పడింది. భీముడి వేషం వేసినాయన దాన్ని ఏరుకొచ్చి తుడిచి చేతిలో పెట్టాడు. ఊరంతా విరగబడి నవ్వింది. ఎవరూ నవ్వకూడని మనిషిని చూసి నవ్వారు. మర్నాడు నాటకాల గురువు ఇంటికొచ్చి చెప్పేశాడు. "రత్నప్పా, వచ్చే భారతానికి పళ్లు నోట్లో నిలబడితేనే ఆ కిరీటం నీది. లేకుంటే ఇంకొకరికి కడతా. నన్ను తప్పు పట్టబాకప్పా." ఆ రోజు నుంచి మా నాయన ఇంట్లో కూడా నవ్వడం మానేశాడు. మాట్లాడాలన్నా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు. నాకు ఒళ్లు మండింది. పుంగనూరులో నాకు కుట్టుమిషన్ల అంగడి ఉంది, రెండేళ్ల కిందట నా దవడ పంటికి మదనపల్లెలో ఒక డాక్టరమ్మ క్యాపు వేసింది. నాయన్ని కూడా ఆవిడ దగ్గరికే లాక్కుపోయాను.

వెళ్లేవాళ్లకు ఉపయోగపడుతుందని పని ఎలా సాగిందో కూడా చెబుతాను. పళ్లు లేని చోట ఊరికే కొత్త పళ్లు అతికించరు. అటూ ఇటూ ఉన్న పళ్లను సన్నగా అరగదీసి, వాటి మీద రెండు క్యాపులు, మధ్యలో రెండు కొత్త పళ్లు, నాలుగూ ఒకే ముక్కగా చేసి సిమెంటుతో బిగిస్తారు. దాన్నే బ్రిడ్జి అంటారు. మొదటిసారి బీటలు వారిన పంటికి వేరు శుభ్రం చేసి మందు నింపారు. రెండోసారి పళ్లు అరగదీసి, కొలత తీసి, అప్పటికి ప్లాస్టిక్ పళ్లు పెట్టి పంపారు. లోపల లోహం, పైన పింగాణీ ఉండే రకానికి నాలుగు పళ్లకూ కలిపి పద్దెనిమిది వేలయింది. ఇప్పుడు నేను రాస్తున్నది మూడోసారి, అంటే అసలు బ్రిడ్జి బిగించే రోజు ప్రయాణం. వధ ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఆ రోజు పని పూర్తయితే వేషం మా నాయనది, కాకపోతే ఇంకొకరిది.

ముందురోజే నేను పల్లెకు వెళ్లి పడుకున్నాను. పొద్దున ఆరుంబావుకు కుప్పం బస్టాండులో పలమనేరు బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి నాకు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు, నాయనకు డెబ్బై చిల్లర. శాంతిపురం దాటాక రోడ్డుకు రెండువైపులా టమాటా మడులు, మల్బరీ తోటలు, వాటి వెనక బండగుట్టలు కనిపిస్తాయి. కిటికీ పక్కన కూర్చుంటే వెంకటగిరికోట వచ్చేదాకా కన్ను తిప్పబుద్ధి కాదు. అక్కడ కూరగాయల బుట్టలు ఎక్కించడానికి బస్సు పది నిమిషాలు ఆగింది. మా నాయన మూతికి తువ్వాలు కప్పుకోవడం చూసి కండక్టరు పలకరించాడు.

"ఏమప్పా, పంటి నొప్పా?"

"నొప్పి కాదన్నా, కొత్త పళ్లు పెట్టించేదానికి మదనపల్లెకు పోతాండాము. ఆవు తల ఇసిరితే ఊడిపోయినాయి" అన్నాను.

"జెర్సీ ఆవు గదా? అదే పుంగనూరు ఆవయ్యుంటే ఎగిరినా నీ మోకాలికి గూడా అందేది కాదు కదప్పా!"

బస్సంతా నవ్వింది. మా నాయన తువ్వాలు చాటు నుంచే, "ముందు టికెట్లు కొట్టప్పా, వెనకాల మంది ఉండారు" అన్నాడు. గొంతులో కోపం లేదు, కానీ నవ్వలేదు కూడా.

పలమనేరులో దిగి పావుగంట చూస్తే మదనపల్లె బస్సు దొరికింది. ఈ దారిలో బస్సులకు కొదవ లేదు. తొమ్మిదికల్లా పుంగనూరులో దిగాం. అక్కడే దిగడానికి కారణం సరోజక్క హోటలు. మా అంగడి వీధి చివర రేకుల షెడ్డు అది, ఇడ్లీ ప్లేటు ముప్పై రూపాయలు, పల్లీల చట్నీ అడిగినన్నిసార్లు వేస్తుంది. సరోజక్క మా నాయన ముందు ఇడ్లీ పెడుతూ, "వడ యాల వద్దంటాండావప్పా? ఇప్పుడే నూనెలో నుంచి తీసినా, సూడు" అంది. కొరకలేనని ఆయన చెయ్యి ఊపాడు. ఆమె ఆ చేతినీ, భుజాల వెడల్పునూ, తెల్లబడిన గుబురు మీసాన్నీ కాసేపు తేరిపార చూసింది.

"ఓయ్, నువ్వు దుర్యోధనుడు గదూ! మా అమ్మోళ్ల ఊర్లో నీ ఆట సూసినా. నువ్వు నవ్వితే మా పిల్లది జడుసుకొని నా కొంగులో దూరింది. ఏదీ, ఒకసారి నవ్వప్పా!"

మా నాయన ప్లేటు మీద నుంచి తల ఎత్తలేదు. "సాయంత్రం అడుగమ్మా" అన్నాడు. ఇడ్లీ ఒకటి వదిలేసి లేచాడు. తిండి వదిలేసే మనిషి కాదు ఆయన. ఆ రోజు ఆయనకెంత భయంగా ఉందో నాకప్పుడు తెలిసింది.

పుంగనూరు నుంచి మదనపల్లె ముప్పావుగంట. బస్టాండు నుంచి క్లినిక్కుకు షేర్ ఆటోలో మనిషికి ఇరవై. పదకొండుకు మా నంబరు వచ్చింది. రంగు సంగతి పోయినసారే తేలింది. స్టేజీ మీద మెరవాలని పాలలాంటి తెలుపు కావాలని నాయన పట్టుబడితే, డాక్టరమ్మ రంగుల పట్టీ తీసి ఆయన పంటి పక్కన పెట్టి అద్దంలో చూపించింది. మా బోరు నీళ్లకు పచ్చబారిన పళ్ల మధ్య ఆ తెలుపు సున్నం కొట్టినట్టు కనపడేసరికి ఆయనే వద్దన్నాడు. ఇప్పుడు వచ్చిన బ్రిడ్జి ఆయన సొంత పళ్లలాగే, ఆ పసుపుతోనే ఉంది. నోట్లో పెట్టి, నీలం కాగితం కొరికించి, ఎత్తుగా తగిలే చోట్ల కొంచెం కొంచెం అరగదీసింది. అద్దం ఇస్తే ఆయన చాలాసేపు చూసుకున్నాడు.

"అరవై ఆరు, యాభై అయిదు అనండి పెద్దాయనా" అంది. అన్నాడు. "శనివారం సంత అనండి." అన్నాడు. అన్నీ శుభ్రంగా పలికాయి. "బాగుంది, ఇక సిమెంటు వేసేద్దాం" అని ఆవిడ అటు తిరిగింది.

నేను ఆపాను. "డాక్టరమ్మా, మా నాయన ఇట్ల మాట్లాడేదానికి పళ్లు కట్టించుకోవడం లేదు. మైకు లేకుండా పద్యం ఎత్తుకుంటే ఊరి బయట ఆవులు తలెత్తి చూస్తాయి. ఆ గొంతుకు పళ్లు నిలుస్తాయో లేదో చూడాలి."

"అయితే పాడమనండి" అంది ఆవిడ.

"నేను పాడనమ్మా. వేషం కట్టకుండా ఆ పద్యాలు నోట్లో నుంచి రానీను. ఇరవై ఆరేండ్లుగా అదే నేమం" అన్నాడు మా నాయన. ఇంట్లో సాధన చేసేటప్పుడు కూడా ఆయన రాగం మాత్రమే తీస్తాడు. ఎదుటివాళ్ల మాటలన్నీ అప్పజెబుతాడు కానీ, దుర్యోధనుడి పద్యం వచ్చేసరికి మాటలు మింగేస్తాడు.

డాక్టరమ్మ విసుక్కోలేదు. "పెద్దాయనా, ఈ సిమెంటు వేస్తే మళ్లీ తీయాలంటే కోసి తీయాల్సిందే. మీరు పాడకపోతే నాకు తెలియదు. తాత్కాలిక సిమెంటు పెట్టి పంపుతాను, తేడా ఉంటే రెండు వారాల తర్వాత రండి" అంది. రెండు వారాల తర్వాత ఎవరికి కావాలి ఆ పళ్లు? తాత్కాలికంగా పెట్టినవి మళ్లీ స్టేజీ మీద ఊడితే ఆయన ఇక గడప దాటి బయటికి రాడు. నచ్చజెప్పాను, వినలేదు. కసిరాను, కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

అలా పడుకున్న మనిషిని చూస్తే నాకు ఆఖరి రోజు ఆట గుర్తొచ్చింది. యుద్ధం ఓడిన దుర్యోధనుడు మడుగులో దాక్కుంటే, భీముడు గట్టు మీద నిలబడి బయటికి రమ్మని తిడతాడు. మా ఆటల్లో ఆడవాళ్లు వేషం కట్టరు. కానీ నాయన ఆవుల దగ్గర అప్పజెప్పే భీముడి మాటలు చిన్నప్పటి నుంచి విని విని నాకు కంఠతా వచ్చాయి. సిగ్గు పక్కన పెట్టి, నడుముకు చున్నీ బిగించి, కుర్చీ కాళ్ల దగ్గర నిలబడ్డాను.

"ఓరీ సుయోధనా! తొంభైతొమ్మిది మంది తమ్ముళ్లను మట్టికిచ్చి నీళ్ల కింద పడుకున్నావా? నీ గద ఎవరికి తాకట్టు పెట్టినావు? నీ నవ్వు ఎవరికి దానమిచ్చినావు? మొగోడివైతే గట్టుకు రా!"

మా నాయన కళ్లు తెరిచాడు. డాక్టరమ్మ నోరు కూడా తెరిచే ఉంది. మెడలో కట్టిన పచ్చ కాగితం అలాగే ఉండగా, తల మీది లైటును పక్కకు నెట్టి, కుర్చీ దిగి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి పద్యం ఎత్తుకున్నాడు. గది చిన్నది, గొంతు పెద్దది, ట్రేలో సామాన్లు గలగలలాడాయి. రెండో పాదంలో రాగం పైకి లేచేసరికి ముందరి పళ్ల సందున కుక్కరు ఆవిరిలాగా సన్నగా ఒక ఈల వచ్చింది. ఆయనకే ముందు వినపడింది. ఠక్కున ఆగిపోయాడు. ముఖం వాడిపోయింది.

"ఆగొద్దు, ఆ పాదమే మళ్లీ" అంది డాక్టరమ్మ, అద్దం పట్టుకుని ఆయన నోటికి దగ్గరగా వంగి. రెండుసార్లు వింది. మామూలు మాటకు నాలుక తగిలే చోటు వేరు, ఇంత గొంతుకు తగిలే చోటు వేరు, పళ్ల వెనకవైపు మందం ఎక్కువైందని చెప్పింది. బ్రిడ్జి తీసి వెనకవైపు సన్నగా అరగదీసి, నునుపు పెట్టి మళ్లీ వేసింది. మూడుసార్లు తీసింది, మూడుసార్లు వేసింది. ప్రతిసారీ నేను గట్టు మీంచి తిట్టాను, ఆయన మడుగులో నుంచి లేచాడు. మూడోసారి పద్యం చివరిదాకా ఎక్కడా ఈల లేకుండా సాగింది. ఆ ఊపులో ఆయన ఆగకుండా నవ్వేశాడు. ఏడాదిగా లోపల దాచుకున్న నవ్వంతా ఒక్కసారే బయటికొచ్చింది. బయట కూర్చున్నవాళ్లు తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. వాచిన బుగ్గకు గుడ్డ కట్టుకున్న ఒకావిడ నొప్పి మరిచిపోయి చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

సిమెంటు వేసి, గంట కూర్చోబెట్టి, ఒకరోజు మెత్తటివే తినమని చెప్పి రెండున్నరకు పంపించారు. తిరుగు బస్సు పుంగనూరు దగ్గర పడింది. నాయన నా వైపు తిరిగి, "మన భీముడు ఆ పిలుపు పిలిచేదానికి ఇరవై ఏండ్లు పట్టిందమ్మా. నువ్వు ఒక్క పొద్దులో పిలిచినావు" అన్నాడు. నా జీవితంలో నాకు దొరికిన బిరుదు అదొక్కటే, అది చాలు.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీరు నోటితో ఏ పని చేస్తారో డాక్టరుకు ముందే చెప్పండి. పాఠం చెప్పేవాళ్లు గట్టిగా పాఠం చెప్పి చూడండి, నాదస్వరం ఊదేవాళ్లు ఊది చూడండి. పక్కా సిమెంటు వేయకముందే చూడండి, ఆ కుర్చీలో సిగ్గుపడితే తర్వాత నలుగురిలో సిగ్గుపడాలి. పళ్లు ఎవరైనా పెట్టించుకుంటారు. కానీ ఆ రోజు కుర్చీ దిగడానికి మా నాయనకు ఎంత పౌరుషం కావాల్సి వచ్చిందో నాకు తెలుసు. ఆయన కూతుర్నని చెప్పుకోవడానికి నాకు ఈ ప్రయాణంలో దొరికినంత గర్వం ఇంతకుముందు ఎప్పుడూ దొరకలేదు.

తొమ్మిదో రోజు పొద్దున ఎనిమిదింటికి వధ మొదలైంది. నేల మీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ పడుకుని ఉంది, చుట్టూ జనం. మా నాయన మడుగులో నుంచి లేచి పద్యం అందుకుంటే నా పక్కనున్న ముసలామె చెవులు మూసుకుంది. భీముడి గద తొడకు తగలగానే ఆయన మట్టి బొమ్మ మీద ఒరిగిపోయాడు. ఆనవాయితీ ప్రకారం ఆడవాళ్లంతా చీపుర్లు, చేటలు పట్టుకుని తిట్టడానికి దూసుకుపోయారు. వాళ్లతో పాటు నేనూ ముందుకెళ్లి ఆయన తల దగ్గర వంగాను. చచ్చిపోయిన దుర్యోధనుడు కళ్లు తెరవకుండా, పెదవులు మాత్రం కదిలించి అడిగాడు.

"వెనక వరసకు ఇనపడిందా అమ్మా?"

"రోడ్డు మీద బస్సు కూడా ఆగిపోయింది నాయనా."

చీపురు ఎత్తిన ముసలామె అలాగే ఆగిపోయి అరిచింది. "సూడండే, సచ్చినోడు పండ్లన్నీ బయటపెట్టి ఎట్ల నవ్వతాండాడో!"