అన్న సైకిలు ముందు

స్కూలు ఫైనలు రాసిన ఏడాది నేను బాగా లావుగా ఉండేదాన్ని. బస్సు అందుకోవడానికి నాలుగు అడుగులు పరిగెత్తినా ఆయాసంతో మాట పెగిలేది కాదు. అయితే ఇనుప గుండు విసరడంలో మా స్కూల్లో నన్ను మించినవాళ్ళు లేరు. అది చూసి మా డ్రిల్లు టీచరమ్మ, సెలవులిచ్చే రోజున నన్ను పక్కకు పిలిచింది. వ్యాయామ టీచరు శిక్షణకు వెళ్ళమంది. చేర్చుకునే ముందు పరుగు పరీక్ష ఉంటుందనీ, మైదానం చుట్టూ ఆగకుండా తిరిగినవాళ్ళనే తీసుకుంటారనీ తమిళంలో చెప్పింది. "నీ చేతుల్లో బలముంది, ఊపిరే లేదు. ఆడి మాసం దాటేలోగా ఊపిరి తెచ్చుకో," అంది. ఆడి అంటే తమిళుల ఆషాఢం.

డెబ్బైల చివరి సంగతి ఇది. మాది రెడ్డియార్‌పాళయం. ఎన్ని తరాల కింద తెలుగు నేల వదిలి అక్కడికి వచ్చామో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం, గడప దాటితే తమిళం. తెలుగు రాయడం నేను చాలా పెద్దయ్యాక నేర్చుకున్నాను. నాయనకు కొంచెం వరిపొలం, పాడి ఉండేవి. నా కంటే పెద్దవాడు ఒకే ఒక అన్న. మేట్టుపాళయంలో ఒక సబ్బుల కంపెనీ గోడౌనులో పెట్టెలు మోసే పని చేసేవాడు.

నేను అడిగిన దానికి నాయన వెంటనే కాదనలేదు. "చదువుకుంటే చదువుకో. ఆడపిల్ల ఒంటిగా రోడ్డు మీద పరిగెత్తేదేంది? అన్న తోడొస్తే పో," అన్నాడు.

అన్న ఒప్పుకోడనుకున్నాను. ఏడాది కిందట వాడు పోలీసు ఎంపికకు వెళ్ళాడు. పరుగు పూర్తి కాకుండానే మైదానంలో వాంతి చేసుకుని పడిపోతే ఇద్దరు మనుషులు రెక్కలు పట్టుకుని ఈడ్చుకొచ్చి నీడన పడేశారు. చూడ్డానికి వెళ్ళిన మా వీధి కుర్రాళ్ళు ఆ కథ మోసుకొచ్చారు. ఆ రోజు నుంచీ మా వీధి మూల టీ కొట్టు దగ్గర వాడి పేరు వాంతి పోలీసు. పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు. అలాంటివాడు పరుగు మాట ఎత్తితేనే మండిపడతాడనుకుంటే, అన్నం కలుపుకుంటూ తలెత్తి, "నేను నేర్పిస్తాలే," అన్నాడు. ఆ మాటకు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మర్నాడు తెల్లవారుతుండగా బయల్దేరాం. డ్రిల్లు నిక్కరు మీద పావడా, పైన అన్న పాత చొక్కా, కాళ్ళకు వేళ్ళు నొక్కే కాన్వాసు బూట్లు. విల్లియనూరు రోడ్డెక్కాక అన్న సైకిలు ఆపి, చింతచెట్టు నుంచి ఒక బరికె విరిచి, ఆకులు దూశాడు.

"అదెందుకన్నా?"

"కుక్కలొస్తే తరమాల గదా. పరిగెత్తు."

మెల్లగా మొదలుపెట్టాను. "ఇదేం పెళ్ళి నడక? గట్టిగా," అన్నాడు. గట్టిగా పరిగెత్తాను. కాసేపటికే డొక్కలో కత్తి దిగినట్టయింది. ఆగాను. పిక్క మీద బరికె పడింది. ఏం జరిగిందో అర్థం కాక వెనక్కి తిరిగి చూశాను. వాడి ముఖంలో కోపం లేదు. "ఆగితే ఇట్లే పడుతుంది. గ్రౌండులో ఎవురూ ఆగనియ్యరు," అన్నాడు. శిక్షణ అంటే ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాను.

ప్రతి ఉదయమూ అంతే. ఇంటి ముందు నుంచే ఉన్న శక్తంతా పెట్టి పరిగెత్తాలి. వేగం తగ్గితే సైకిలు ముందు చక్రం నా మడమలకు తగిలేది. మధ్యలో నీళ్ళు అడిగితే కడుపు బరువెక్కుతుందనేవాడు. తిరిగొచ్చేటప్పుడు నేరుగా ఇంటికి పోనిచ్చేవాడు కాదు. టీ కొట్టు ముందు నన్ను అటూ ఇటూ పరిగెత్తించి, తను సైకిలు దిగి బెంచీ మీద కూర్చునేవాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయి, ముక్కు కారుతూ, నోరు తెరుచుకుని నేను పరిగెత్తుతుంటే అక్కడున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. "భూమి అదురుతా ఉండాది, మెల్లగా పాపా," అనేవాడొకడు. అన్న వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఆ వేసవిలో వాడిని వాంతి పోలీసని ఎవరూ పిలవలేదు. ఎగతాళికి వాళ్ళకు నేను దొరికాను.

మూడో వారానికి మోకాళ్ళ కింద ఎముకల వెంబడి వాచింది. వేలు పెడితే ప్రాణం పోయేది. దొడ్లో కూర్చోవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. అమ్మ వేడి నూనె రాస్తూ పిక్కల మీద చారలు చూసింది.

"ఏందివి?"

"అన్న కొట్టినాడు. ఆగినానని."

అమ్మ నూనె గిన్నె పక్కన పెట్టి, "నేర్పేవాడు కొట్టకుండా నేర్పుతాడా? నీ కోసరం వాడు నిద్ర చెడగొట్టుకుంటా ఉండాడు," అంది. పావడా కిందికి లాగి, చారలు కప్పేసి లేచిపోయింది.

ఒకరోజు చెరువు కట్ట దాకా వెళ్ళాక నా కాళ్ళు నిలవలేదు. కింద పడ్డాను. బరికె పడినా లేవలేకపోయాను. అన్న కాసేపు పైనుంచి చూశాడు. తర్వాత నా బూట్లు ఊడదీసి, సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని, "పడుకో సుమ్మా, ఊరికే. నేను డ్యూటీకి పోవాల," అని వెళ్ళిపోయాడు. ఎండ ఎక్కింది. తారు రోడ్డు మీద వట్టి కాళ్ళతో కుంటుకుంటూ, నీడ కనిపించినచోటల్లా ఆగుతూ ఇల్లు చేరాను. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. "దారిలో దాని స్నేహితురాలి ఇంట్లో కూచుండాది," అని అన్న ఇంట్లో చెప్పి వెళ్ళాడట. ఎవరూ వెతకలేదు.

ఆ వారంలోనే అమ్మతో నెల్లితోపు మార్కెట్టుకు వెళ్ళాను. కూరల దగ్గర డ్రిల్లు టీచరమ్మ ఎదురై నా నడక చూసి ఆపింది. అక్కడే ఒక మూటల బండి మీద కూర్చోబెట్టి, ఎముక మీద బొటనవేలితో నొక్కింది. నేను అరిచాను.

"మొదటి రోజు నుంచీ వేగంగా పరిగెత్తావా?"

తలూపాను.

"నిన్ను ఇలా పరిగెత్తమన్న బుద్ధిలేనివాళ్ళెవరు?"

అమ్మ టమాటాలు ఏరుకుంటూ వినిపించనట్టు అటు తిరిగింది. టీచరమ్మ నిదానంగా చెప్పింది. నొప్పి తగ్గేదాకా పరుగు మానాలి. తర్వాత కొన్నాళ్ళు నడక. ఆ తర్వాత కాసేపు పరుగు, కాసేపు నడక. పక్కనున్న మనిషితో మాట్లాడగలిగేంత మెల్లగా. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టు. అసలు శిక్షణ తర్వాత వాళ్ళే ఇస్తారు, ఇప్పుడు కావలసింది దాన్ని తట్టుకునే ఒళ్ళు మాత్రమే.

సాయంత్రం అన్న పని నుంచి వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటుంటే వెళ్ళి అడిగాను. అప్పటికి ఇంకా వాడు తెలియక చేశాడనే అనుకుంటూ ఉన్నాను. టీచరమ్మ మాటలు చెబితే వాడికే ఉపయోగం, మళ్ళీ పోలీసుకు వెళ్ళొచ్చు కదా అని కూడా అనుకున్నాను.

"మెల్లగా మొదలుపెట్టాలంట అన్నా. ముందు నడవాలంట."

"తెలుసు," అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"నేను పడినానే, ఆ పొద్దు. నీళ్ళు తాపినాయన చెప్పినాడు. నెలల ముందు నించి మెల్లమెల్లగా రావాల, ఒకే తూరి పరిగెత్తితే ఇట్లే అవుతాదని."

"మరి నాకెందుకు చెప్పలా?"

కాలి మీద చెంబుడు నీళ్ళు పోసుకున్నాడు. తొందరపడలేదు. "నాకెవురు ముందు చెప్పినారు? నువ్వు టీచరై తెల్ల బూట్లేసుకొని ఈ వీధిలో పోతా ఉంటే నేను ఆ బెంచీ మీద కూచోని చూడాల్నా? నువ్వూ ఒకసారి పడు. ఎట్లుంటుందో తెలుస్తుంది."

పశువుల కొట్టం లోపల నాయన ఉన్నాడని మా ఇద్దరికీ తెలియదు. చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. అన్నను తిట్టలేదు. గోడకు ఆనించిన సైకిలు తీశాడు. క్యారియరుకు కట్టి ఉన్న బరికె లాగాడు.

"పరిగెత్తు," అన్నాడు.

"ఏంది నాయనా..."

"పరిగెత్తురా."

బరికె అన్న భుజం మీద పడింది. పగలంతా పెట్టెలు మోసి వచ్చిన మనిషి, తడి కాళ్ళతో, లుంగీ ఎగ్గట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. నాయన సైకిలెక్కి వెనకాలే వెళ్ళాడు. మా వీధి పొడవు తక్కువ. ఈ చివర మా ఇల్లు, ఆ మూల టీ కొట్టు. నాయన వాణ్ణి ఆ రెంటి మధ్య తిప్పాడు. అరుగుల మీదికి జనం వచ్చారు. వాడు వేగం తగ్గించినప్పుడల్లా బెల్లు మోగేది, తర్వాత బరికె చప్పుడు వినిపించేది. అమ్మ గుమ్మంలో కూలబడి, "చాలయ్యా, చాలు," అంటూనే ఉంది. నేను స్తంభం పట్టుకుని నిలబడి చూశాను. నాకు జాలి కలగలేదు. వాడు తూలిన ప్రతిసారీ నా కాళ్ళ నొప్పి కొంచెం తగ్గినట్టనిపించింది.

చివరికి టీ కొట్టు ముందు, ఆ బెంచీ పక్కనే వంగి వాంతి చేసుకున్నాడు. ఎవరో పాత పేరు పెట్టి పిలిచారు. అందరూ నవ్వారు. నాయన సైకిలు దిగి, దాన్ని నడిపించుకుంటూ ఇంటికొచ్చి, భోజనం పెట్టమన్నాడు.

ఆ వారం దాటకముందే అన్న తన పెట్టె తీసుకుని మేట్టుపాళయంలో గదికి మారిపోయాడు. అమ్మ నాయనను ఏమీ అనలేదు. నన్ను అంది. "నీ పరుగు నా బిడ్డను ఇల్లు దాటించింది," అని, ఆ తర్వాత నాతో మాట్లాడడం మానేసింది. కంచం నా ముందు పెట్టేది. ఇంకొంచెం కావాలా అని అడిగేది కాదు.

కాళ్ళు నెమ్మదించాక నేను మళ్ళీ మొదలుపెట్టాను. తోడు లేదు గనక, పొద్దున్నే నాయన పారతో పొలానికి పోతుంటే ఆయన వెనక నడిచేదాన్ని. ఆయన తిరిగి చూసేవాడు కాదు, మాట్లాడేవాడు కాదు. కొన్నాళ్ళకు గట్ల మీద ఒక తాటిచెట్టు నుంచి ఇంకో తాటిచెట్టుకు మెల్లగా పరిగెత్తి, తర్వాతి దాని దాకా నడిచేదాన్ని. మాట్లాడడానికి ఎవరూ లేకపోవడంతో ఎక్కాలు గట్టిగా చదువుతూ పరిగెత్తేదాన్ని. మొదట్లో రెండో ఎక్కం సగంలోనే ఊపిరి తెగేది. ఆడి మాసం గాలులు మొదలయ్యేసరికి పన్నెండో ఎక్కం కూడా గుక్క తప్పకుండా వచ్చింది. పొలంలో నాట్లు వేసే ఆడవాళ్ళు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు.

పరీక్షలో నేను ముందు రాలేదు. మధ్యలో ఎక్కడో వచ్చాను, కానీ ఆగలేదు. నన్ను తీసుకున్నారు. ఇంటికొచ్చి అమ్మకు చెబితే, చాలా రోజుల తర్వాత నాతో ఒక మాట మాట్లాడింది.

"వాడికి తెలుసునా?"

"తెలీదు."

"చెప్పొద్దు. ఏడుస్తాడు," అంది.

శిక్షణలో చేరాక మొదటి వారాలు మమ్మల్ని నడిపించడమే. తను చెప్పక ముందు పరిగెత్తినవాళ్ళను ఇంటికి పంపుతానని శిక్షకురాలు హెచ్చరించింది. తోటి అమ్మాయిలు విసుక్కున్నారు. నేను మైదానం చివర కుళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కునే నెపంతో ఏడ్చాను.

అన్న పెళ్ళి ఎనభైలలో, నేను ఉద్యోగంలో కుదురుకున్నాక జరిగింది. పెళ్ళికూతురు వాళ్ళు యానాం నుంచి బదిలీ మీద వచ్చి నెల్లితోపులో స్థిరపడిన ఉద్యోగస్థులు. మెత్తగా మాట్లాడే మనుషులు. పెళ్ళయిన మర్నాడు విందులో నేను వడ్డిస్తుంటే పెళ్ళికూతురి తల్లి, "మీ చెల్లెలు గారు ఆటల టీచరటగా బాబూ, ఆడపిల్లకి అంత పట్టుదల ఎలా వచ్చిందండీ?" అని అన్నను అడిగింది.

పట్టు పంచె కట్టుకుని ఉన్న అన్న నావైపు చూశాడు. పెళ్ళి మాటలు మొదలయ్యేదాకా మేం ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

"నేనే నేర్పినా అత్తా," అన్నాడు. "తెల్లారక ముందే లేపి, సైకిల్లో వెనకాల పోతా, బరికె పట్టుకొని పరిగెత్తించినా. లేకుంటే ఇది యాడ టీచరయ్యేది?"

వరసంతా నవ్వింది. నాయన కూడా తాంబూలం నములుతూ నవ్వాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ కొడుకునే చూస్తోంది.

"నిజంగా కొట్టేవారా అమ్మా?" అని ఆవిడ నన్ను అడిగింది.

"కొట్టేవాడండీ," అన్నాను.

దానికీ అందరూ నవ్వారు. నేను సాంబారు గిన్నె పట్టుకుని పక్క ఆకు దగ్గరికి జరిగాను.